కొండగట్టు ప్రాంతంలో తేనెపెట్టెలు, చలికాలం

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని కొండగట్టు పరిసరాల్లోనూ, ఇంకా ఉత్తరాన ఆదిలాబాద్ వైపూ తేనెటీగలకు గడ్డుకాలం చలికాలం కాదు, వానాకాలం. మంచు కురిసే దేశాల్లో నెలల తరబడి పువ్వన్నది కనిపించదు. అక్కడి ఈగలు పెట్టెలో ముద్దకట్టి, దాచుకున్న తేనె తింటూ, రెక్కల కండరాలు ఆడించి వేడి పుట్టించుకుంటాయి. ఇక్కడ అదే కాలంలో కంది, కుసుమ, ధనియాలు పూస్తాయి. వాటి వెనకే మోదుగ, కానుగ, వేప, ఇప్ప. జగిత్యాల మామిడి తోటలూ పూతకొస్తాయి గాని, ఆ పూత మీద తేనెటీగల కన్నా మామూలు ఈగలే ఎక్కువ వాలుతాయి.

ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోవడం మామూలే. సుమారు 14 డిగ్రీలకు దిగితే ఈగలు దగ్గరగా గుమిగూడతాయి. పిల్లలున్న గదులను మాత్రం 33–36 డిగ్రీల వెచ్చదనంలోనే ఉంచుతాయి. ఎండ ఎక్కగానే మళ్లీ మేతకు బయలుదేరతాయి. అందుకే పెట్టె ద్వారం తూర్పు వైపు పెట్టడం మేలు.

ఇక పెట్టె కొలత. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1852లో పేటెంటు పొందిన పెట్టె నుంచే నేటి 10 చట్రాల పెట్టె వచ్చింది. అది ఐరోపా ఈగకు సరిపోతుంది. మన పుట్టతేనెటీగ కుటుంబం అంత పెద్దది కాదు. దానికోసం 1910లలో తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ 7 చట్రాల చిన్న పెట్టె తయారుచేశాడు. దక్షిణాదిలో ఇప్పటికీ ఆయన పేరుతోనే చెలామణీ అవుతోంది.

చిన్న కుటుంబాన్ని పెద్ద పెట్టెలో వదిలేస్తే ఏమవుతుందో జులైలో మూత తీస్తే తెలుస్తుంది. ఈగలన్నీ నడిమి రెండు మూడు చట్రాల మీదే ఉంటాయి. అంచు చట్రాన్ని పైకెత్తితే మైనం మీద తెల్లటి బూజులాంటి దారాలు, వాటి సొరంగాల్లో మైనపు పురుగు పిల్లలు. ఈగలు కాపలా కాయలేని మైనమంతా దాని పాలే. పుట్టతేనెటీగకు ఓపిక తక్కువ. ఇలాంటి బాధ ముదిరితే గూడు వదిలి లేచిపోతుంది. ఖాళీ చట్రాలు తీసేసి, అడ్డుపలకతో జాగా కుదించి, ద్వారం సన్నం చేసి, చక్కెర పాకం పెడితే కుటుంబం నిలుస్తుంది. వానలు వెనకబట్టి మేత దొరికాక ఒక్కో చట్రం మళ్లీ చేర్చుకుంటూ పోవచ్చు. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలపడం ఏ కాలంలోనైనా తప్పదు.

ఇంత చేసినా కొండ తేనెటీగను ఏ పెట్టెలోనూ నిలపలేం. బండ అంచుకో ఎత్తైన చెట్టుకొమ్మకో ఒకే పెద్ద తుట్టె వేలాడదీసి, తమ ఒంటినే దానికి కప్పుగా పరుస్తాయి. పూత అయిపోగానే తుట్టెను అక్కడే వదిలి వలసపోతాయి.