అబ్బాయి పేరులో మధ్య మాట: షేక్‌కీ, పిలుపు పేరుకీ నడుమ ఏం పెట్టాలి?

బాబు పుట్టాడని ఫోన్ రాగానే మొదట అడిగేది తల్లీబిడ్డా ఎలా ఉన్నారని, రెండోది పేరేం అనుకున్నారని. దాదా ఎప్పుడో ఒకటి అనుకుని ఉంటారు. నానీ ఏదో దర్గాకు మొక్కుకుని ఉంటుంది. ఫుప్పు వాట్సాప్‌లో పది పేర్లు పంపుతుంది. బాబు అబ్బా మాత్రం ఫోన్‌లో వెతికి, ఆ వీధిలో ఎవరూ వినని పేరొకటి పట్టుకొస్తాడు. ఏడో రోజు అఖీఖా నాటికి ఏదో ఒకటి తేలాలి కాబట్టి చాలా ఇళ్లలో రాజీ కుదిరే చోటు ఒక్కటే. ముందు షేక్ ఎలాగూ ఉంది, చివర అమ్మానాన్నలు కోరుకున్న పేరు, మధ్యలో పెద్దల మాట.

ఇల్లంతా సంతోషమే. చిక్కు ఆ తర్వాత ఆస్పత్రి కాగితంతో మొదలై, స్కూలు, బ్యాంకు, పాస్‌పోర్టు దాకా వస్తుంది. అందుకే మధ్య మాట ఎక్కడి నుంచి వస్తుంది, ఏది నప్పుతుంది, ఎలా రాయించాలి అన్నవి ఒకచోట చెబుతున్నాం.

అసలు మధ్య పేరు మనదేనా?

అరబ్బుల పద్ధతిలో మధ్య పేరు అనేది లేదు. ఒక్క పేరు, దాని వెనుక ఇబ్న్ అని తండ్రి పేరు, కావాలంటే తాత పేరు. దానికి తోడు ‘అబూ ఫలానా’ అనే కునియా, ఊరిని బట్టో తెగను బట్టో వచ్చే నిస్బా. పెంపుడు పిల్లలను సైతం వారి అసలు తండ్రుల పేరుతోనే పిలవమని సూరా అహ్‌జాబ్ ఐదో ఆయత్‌లో ఉంది. గల్ఫ్ దేశాల్లో చాలా ఫారాలు నేటికీ పేరు, తండ్రి పేరు, తాత పేరు, వంశం అని వరుసగా అడుగుతాయి.

తెలుగు నేల మీద లెక్క వేరు. కోస్తా, రాయలసీమల్లో షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల, నూర్‌బాషా లాంటివి ఇంటిపేరులా ముందు వస్తాయి. పక్కింటి తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుండటం చూసి మనమూ అదే దారిలో నడిచాం. హైదరాబాద్, తెలంగాణ జిల్లాల్లో ముందుండే మహమ్మద్ చాలా ఇళ్లలో ఇంటిపేరు కాదు, బర్కత్ కోసం పెట్టుకున్న మాట. అలాంటప్పుడు రెండో స్థానంలో ఉన్నదే అసలు పేరు. సిరాజ్‌ను స్టేడియంలో ఎవరూ మహమ్మద్ అని కేకేయరు. అజారుద్దీన్ అయితే అందరికీ అజ్జూయే.

మధ్యలో అచ్చ తెలుగు మాట పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చి నాదస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకున్న షేక్ చినమౌలానా సాహెబ్‌నే చూడండి. 1977లో పద్మశ్రీ అందుకున్న ఆయన పేరులో ‘చిన’ ఉంది. పెద మస్తాన్, చిన మస్తాన్ అని అన్నదమ్ములున్న ఇళ్లు మన ఊళ్లలో కొత్త కాదు.

దర్గా మొక్కు, పెద్దల మాట

మన ప్రాంతపు మధ్య పేర్లు వింటే మనిషిది ఏ వైపో సగం తెలిసిపోతుంది. నెల్లూరు, గుంటూరు వైపు మస్తాన్ వలీ అంటే కసుమూరు దర్గానో, గుంటూరు కాలే మస్తాన్ షా దర్గానో గుర్తుకొస్తుంది. నాగూర్ మీరా, నాగుల్ మీరా అంటే తమిళనాడులోని నాగూరు షాహుల్ హమీద్ దర్గా. సైదా, సైదులు అంటే జాన్‌పహాడ్. ఆ పేరు హిందువుల ఇళ్లలోనూ అంతే ఎక్కువ. అనంతపురం వైపు బాబా ఫకృద్దీన్ అంటే పెనుకొండ బాబయ్య దర్గా. ఖాజా మొయినుద్దీన్ అంటే అజ్మీర్.

ఒక సంగతి చాలామంది గమనించరు. ఖాదర్, గౌస్, దస్తగిరి, మహబూబ్ సుభానీ, మొహిద్దీన్ అన్నీ వేర్వేరు పేర్లలా వినిపిస్తాయి. కానీ అన్నీ బగ్దాద్ షేక్ అబ్దుల్ ఖాదర్ జీలానీ పేరు నుంచి, బిరుదుల నుంచి వచ్చినవే. ‘గౌస్ మొహిద్దీన్’ అని పెట్టినా, ‘దస్తగిరి’ అని పెట్టినా తలుచుకునేది ఒకరినే. పెద్దలు ఖాదర్ అని పట్టుబడితే, పిల్లలు మొహిద్దీన్ బాగుందంటే, గొడవే అక్కర్లేదు.

దర్గా పేరు పెట్టొచ్చా అని మసీదుల్లో వాదన ఉంది. మొక్కు కోసం పేరు పెట్టడాన్ని కొందరు ఉలమా ఒప్పుకోరు. వలీలను గౌరవంతో తలుచుకుంటే తప్పేమిటని ఇంకొందరు. ఆ తీర్పు మీ ఇమామ్ గారితో మాట్లాడి మీరే తేల్చుకోవాలి. నాకు తోచింది మాత్రం ఇదీ: మొక్కుకున్న నానీ బతికుండగా ఆ పేరు కాగితం మీద లేకుండా చేస్తే, ఆ బాధ అఖీఖా బిర్యానీతో పోదు. మధ్య స్థానం ఉన్నది అలాంటి మాట కోసమే.

అర్థం చూడకుండా పెట్టొద్దు

అల్లాహ్‌కు అత్యంత ఇష్టమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అని సహీహ్ ముస్లింలో హదీస్ ఉంది. అందుకే అబ్దుల్‌తో మొదలయ్యే పేర్లు మనకు అంత ఎక్కువ. అయితే అబ్దుల్ ఒక పూర్తి మాట కాదు. ‘అబ్ద్’ అంటే దాసుడు, ‘అల్’ తర్వాతి మాటకు చెందినది. అబ్దుల్ అని మధ్యలో వదిలేస్తే ‘ఆయన యొక్క’ దగ్గర వాక్యం ఆగిపోయినట్టే. తోక కోసి ఒట్టి రహ్మాన్ అనడమూ సరికాదు, అది అల్లాహ్‌కు మాత్రమే చెల్లే పేరు. రహీం, కరీం, రవూఫ్ విషయంలో అంత పట్టింపు లేదు. సూరా తౌబా చివర్లో ప్రవక్త (స) గురించే రవూఫ్, రహీం అన్న మాటలు వాడారు. అబ్దుల్ నబీ, అబ్దుల్ రసూల్ లాంటివి వద్దని చాలామంది ఉలమా చెబుతారు.

చెడు అర్థమున్న పేర్లను ప్రవక్త (స) మార్చేవారు. సహీహ్ బుఖారీలో ఒక ఉదంతం ఉంది. హజ్న్ అనే ఆయన వస్తే, ఆ మాటకు కరుకు, కఠినం అని అర్థం కాబట్టి, నీ పేరు సహ్ల్ అంటే సులువు అని పెట్టుకోమన్నారు. మా నాన్న పెట్టిన పేరు మార్చనన్నాడు ఆయన. ఆ కరుకుతనం తర్వాత కూడా మా ఇంట్లో పోలేదని ఆయన మనవడు సయీద్ ఇబ్న్ ముసయ్యిబ్ చెప్పుకున్నారు. తాత పెట్టిన పేరని మొండికేసే ఇళ్లలో ఈ కథ ఒకసారి చెప్పుకోవచ్చు.

తెలుగు లిపితో ఇంకో మెలిక ఉంది. ఉర్దూలో వేరుగా ఉండే అక్షరాలు మన దగ్గర ఒకటైపోతాయి. ఖలీల్ అంటే ఆప్తమిత్రుడు. గొంతు లోపలి నుంచి పలికే ‘ఖాఫ్’తో రాస్తే అదే మాట ‘కొద్దిపాటి’ అయిపోతుంది. జఫర్ అంటే గెలుపు, జాఫర్ అంటే వాగు. అలీం ‘ఐన్’తో రాస్తే జ్ఞాని, ‘అలిఫ్’తో రాస్తే బాధ పెట్టేది. కాబట్టి పేరును ముందు ఉర్దూలో రాయించండి. తర్వాత తెలుగు, ఇంగ్లీషు. ఫోన్‌లో దొరికే పేర్ల జాబితాల్లో ఏ పేరుకు చూసినా రాజు, వీరుడు, వెలుగు అనే రాసి ఉంటుంది, వాటిని నమ్మకండి. అరబీ వచ్చిన మౌలానాను ఒక్క నిమిషం అడిగితే చాలు. ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న రయ్యాన్‌కు మాత్రం గట్టి ఆధారమే ఉంది. ఉపవాసం ఉన్నవాళ్లు లోపలికి వెళ్లే స్వర్గ ద్వారం పేరది.

కాగితం దగ్గర జాగ్రత్త

ఇక్కడ నా సొంత గోడు కొంచెం. నా టెన్త్ మెమోలో ముందు మాట ‘ఎండీ.’ అని రెండే అక్షరాలు. ఆధార్‌లో అదే మాట పూర్తిగా, చివర ‘ఏ’తో. పాన్‌లో ‘ఈ’తో. బీకాం చదివినోడిని, లెక్క టాలీ కాకపోతే నిద్ర పట్టదు. నా పేరే టాలీ కాలేదు. మొదటి ఉద్యోగంలో పీఎఫ్ ఖాతాకు ఆధార్ కలవక నాలుగు నెలలు తిరిగాను. నా తప్పల్లా మూడేళ్ల వయసులో బడిలో చేరడమే.

ఇప్పుడు పుట్టే పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. జనన, మరణ నమోదు చట్టానికి వచ్చిన సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ రోజు నుంచి పుట్టిన వాళ్లకు బడి, ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటు దేనికైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పేరు ఎలా ఎక్కితే మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి.

పుట్టిన 21 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఆస్పత్రిలో పుడితే ఆ పని ఆస్పత్రి వాళ్లదే. పేరు ఖాయం కాలేదని అప్పుడు కంగారుపడి ఏదో ఒకటి రాయించొద్దు. పేరు లేకుండానే నమోదు చేయించొచ్చు. తర్వాత 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆలస్య రుసుముతో అయితే 15 ఏళ్ల దాకా వీలుంది. అక్షర దోషం దిద్దడం వేరు, ఒకసారి ఎక్కిన పేరు మొత్తం మార్చడం వేరు. రెండోది చాలా కష్టం. అందుకే ముందు తీరిగ్గా తేల్చుకోండి.

మన పేర్లు దెబ్బ తినేది ఫారంలోని గడుల దగ్గర. ‘షేక్ ఖాదర్ రయ్యాన్’ అని ఒకే గీత మీద రాసి ఇస్తే, ఆన్‌లైన్ ఫారం నింపే కుర్రాడు మొదటి మాట షేక్‌ను మొదటి పేరు గడిలో, రయ్యాన్‌ను ఇంటిపేరు గడిలో కొట్టేస్తాడు. అబ్బాకు ఇంటిపేరు షేక్, బాబుకు ఇంటిపేరు రయ్యాన్! భారత పాస్‌పోర్టులో ఉన్నవి రెండే గడులు, ఇంటిపేరు ఒకటి, పెట్టిన పేరు ఒకటి. మధ్య పేరుకు విడిగా గడి లేదు. పెట్టిన పేరు గడిలోనే ‘ఖాదర్ రయ్యాన్’ అని రెండూ కలిపి రాయాలి. ఏ గడిలో ఏది వెళ్లాలో చీటీ మీద రాసుకుని, పక్కన నిలబడి చూసుకోండి, మొహమాటపడొద్దు.

అలాగని ఒక్క మాటతోనూ సరిపెట్టొద్దు. పాస్‌పోర్టులో ఒకే మాట ఉంటే విజిట్ వీసా మీద రానివ్వమని యూఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన పెట్టింది. తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే సరేనన్నారు. పెట్టిన పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ‘పేరు తెలియదు’ అనే అర్థంలో మూడు ఇంగ్లీషు అక్షరాలు అచ్చేస్తారు. అక్కడ మనవాళ్లను కొందరు ఆ అక్షరాలనే పేరనుకుని పిలుస్తారట.

అబ్దుల్ రహీం లాంటి పేరైతే ఇంగ్లీషులో మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాటగా రాయించడం మంచిది. లేకపోతే అబ్దుల్ ఒక గడిలో, రహీం ఇంకో గడిలో పడి, పరాయి ఊళ్లో జీవితమంతా ‘మిస్టర్ అబ్దుల్’ అనిపించుకోవాలి. మహమ్మద్‌ను ఎండీ అని పొడి అక్షరాలకు కుదించొద్దు. బయటి దేశంలో డాక్టరు డిగ్రీ అనుకుంటారు. పాన్ దరఖాస్తులోనైతే మొదటి పేరు, ఇంటిపేరు గడుల్లో పొడి అక్షరాలు చెల్లవు.

కొత్త దంపతులు కొందరు ఇప్పుడు మధ్యలో బాబు అబ్బా పేరే పెడుతున్నారు. షేక్, తర్వాత అబ్బా పేరు, తర్వాత బాబు పేరు. గల్ఫ్ ఫారాల్లో తండ్రి పేరు అడిగే పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది, తండ్రెవరో పేరులోనే తెలుస్తుంది. ఇబ్బందల్లా అన్నదమ్ములందరికీ మొదటి రెండు మాటలూ ఒకటే కావడం. కవలలున్న ఇంట్లో అయితే స్కూలు రిజిస్టర్‌లో, ఆస్పత్రి చీటీలో మూడో మాట దాకా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఇళ్లవాళ్లు మధ్య మాట మార్చుకుంటేనే మేలు.