లిబ్రెతా (క్యూబా రేషన్ పుస్తకం)

లిబ్రెతా క్యూబా ప్రభుత్వం కుటుంబాలకు ఇచ్చే రేషన్ పుస్తకం. అమెరికా వాణిజ్య దిగ్బంధం 1962 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చింది. సరుకుల కొరత నడుమ మార్చి 12న చేసిన చట్టం రేషన్‌ను ప్రవేశపెట్టింది. బొదేగా అనే పేట దుకాణంలో బియ్యం, చిక్కుడు గింజలు, పంచదార, వంటనూనె, కాఫీ రాయితీ ధరకు ఇస్తారు. ఏడేళ్లలోపు పిల్లలకు పాలు ప్రత్యేకం. 1991లో సోవియట్ యూనియన్ పతనమయ్యాక చవక దిగుమతులు ఆగి, కోటాలు కుదించుకుపోయాయి. 2000 నాటి అమెరికా చట్టం ఆహార ఎగుమతులను అనుమతించినా అమెరికా నుంచి అప్పు దొరకదు. విదేశీ మారకద్రవ్యం కరువైన దేశానికి ఇదొక పెద్ద అడ్డంకి. స్వదేశీ వ్యవసాయోత్పత్తి క్షీణత కొరతను మరింత పెంచింది. లిబ్రెతాను క్రమంగా రద్దు చేయాలని 2011 కమ్యూనిస్టు పార్టీ మహాసభ నిర్ణయించినా అది అమలు కాలేదు. 2024 సెప్టెంబరులో రేషన్ రొట్టె బరువు 80 గ్రాముల నుంచి 60 గ్రాములకు తగ్గింది.