నిజాం రాజ్యంలో బోధనాభాష, తెలుగువారి నిరసన

1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో, అంటే రాజశాసనంతో, ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషును కాదని ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పినందుకు దేశమంతటా మన్ననలందుకుంది. ఆ భాష ఉర్దూ. పాఠ్యగ్రంథాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి చరిత్రను, రసాయనశాస్త్రాన్ని, న్యాయశాస్త్రాన్ని ఉర్దూలోకి తెచ్చారు. ప్రయత్నం గొప్పదే, సందేహం లేదు; కానీ పై చదువు ఉర్దూలో సాగుతున్నందున ఉన్నత పాఠశాలలూ ఆ బాటే పట్టగా, రాజ్య జనాభాలో దాదాపు సగమున్న తెలుగువారికీ, మరాఠీ, కన్నడ కుటుంబాల పిల్లలకూ ఒక పరాయి భాష స్థానంలో మరొకటి వచ్చినట్లయింది.

దీనిపై నిరసన మొదట సమ్మె రూపంలో రాలేదు. సభ జరపాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అనే సర్క్యులర్ అమలులో ఉన్న రాజ్యంలో అది గ్రంథాలయాలుగా, ఖాన్గీ బడులుగా, అంటే ప్రైవేటు పాఠశాలలుగా, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభల తీర్మానాలుగా వ్యక్తమైంది. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో హైదరాబాదులో వెలసిన ఆంధ్ర బాలికల పాఠశాల ఉన్నత పాఠశాలగా ఎదిగినప్పుడు, తెలుగులో బోధిస్తున్న కారణంగా ఉస్మానియా గుర్తింపు దొరకక, ధోండో కేశవ కర్వే మహారాష్ట్రంలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం కావలసి వచ్చింది. నిజాం రాజధానిలో తెలుగు ఆడపిల్ల తెలుగులో చదువుకోవాలంటే దానికి గుర్తింపు రాజ్యం వెలుపలినుంచి తెచ్చుకోవలసి వచ్చిందన్నమాట.

విద్యార్థుల సమ్మె 1938లో వచ్చింది. వసతిగృహంలో వందేమాతరం పాడరాదన్న నిషేధాన్ని ధిక్కరించి తరగతులు మానినవారిని ఉస్మానియా బహిష్కరించగా, టి.జె. కేదార్ ఉపకులపతిగా ఉన్న నాగపూర్ విశ్వవిద్యాలయం వారిలో అనేకులను చేర్చుకుంది; నాటి బహిష్కృతుల్లో తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు కూడా ఉన్నారు. దీన్ని బోధనాభాషపై తిరుగుబాటుగా చెప్పడం సరికాదు, ఎందుకంటే సమ్మె గీతం కోసం జరిగింది. అయితే విద్యార్థి ఏ భాషలో చదవాలో, ఏ పాట పాడాలో తానే నిర్ణయిస్తానన్న ప్రభుత్వ ధోరణిని రెండు సందర్భాల్లోనూ చూడవచ్చు.

నిజాం రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన 1948 పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని తీసుకున్నది తెలుగు కాదు, ఇంగ్లీషు. దారుల్ తర్జుమా ఉర్దూకు చేసిన పనిని తెలుగుకు చేయవలసిన సంస్థ, కళాశాల పాఠ్యపుస్తకాలు తెచ్చే తెలుగు అకాడమీ, 1968లో గాని ఏర్పడలేదు.