టైమింగ్ బెల్టు, టెన్షనరు – కొంత చరిత్ర

మన తరంవారు ఎక్కి తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల ఇంజన్లలో క్యామ్‌షాఫ్టును తిప్పేది ఇనుప చైను. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు, అందులో ఆ పని పళ్లున్న రబ్బరు బెల్టు చేసింది. మన సభ్యులలో పలువురు లోను పెట్టుకొని కొన్న మొదటి కారు అదే. నేటికీ కొందరి ఇళ్లలో ఉన్నది. కనుక ఆ బెల్టు చరిత్ర, దానిని బిగువుగా ఉంచే టెన్షనరు సంగతి తెలుసుకొనుట మంచిది.

ఈ పళ్ల బెల్టు కార్ల కోసం పుట్టలేదు. 1940లలో అమెరికాలోని గిల్మర్ కంపెనీలో రిచర్డ్ కేస్ దీనిని కుట్టుమిషన్ల కోసం తయారుచేశాడు. పైన సూది, క్రింద బాబిన్ తాళం తప్పకుండా నడవాలని ఆయన ఉద్దేశం. పెద్దయెత్తున తయారైన కార్లలో దీనిని మొదట వాడినది జర్మనీలోని గ్లాస్ కంపెనీ. 1962లో ఆ కంపెనీ 1004 కారు రోడ్డెక్కింది. 1966లో ఇటలీలో లాంప్రెడి రూపొందించిన ఫియట్ 124 స్పోర్ట్ ఇంజనులోనూ బెల్టే వచ్చింది. చైనుకు నూనె కావాలి, చప్పుడు ఎక్కువ. బెల్టుకు నూనె అక్కరలేదు, చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువ.

క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. అప్పుడే వాల్వులు వేళకు తెరుచుకొంటాయి. బెల్టు వదులైతే పన్ను దాటి లెక్క తప్పుతుంది. మరీ బిగిస్తే బెల్టూ, బేరింగులూ త్వరగా అరుగుతాయి. ఈ రెంటికీ మధ్య సరిచూసేది బేరింగుపై తిరిగే చిన్న చక్రం, అదే టెన్షనరు. పాత ఇంజన్లలో దాని బోల్టు వదులుచేస్తే స్ప్రింగు బెల్టును లాగి పట్టుకొంటుంది. మెకానిక్కు క్రాంక్‌షాఫ్టును చేత్తో రెండు చుట్లు త్రిప్పి, గుర్తులు సరిచూసి, మళ్లీ బోల్టు బిగిస్తాడు. ఆ తరువాత బెల్టు సాగితే దానంతట అది సర్దుకోదు.

బెల్టు తెగితే బండి నడిరోడ్డుమీద ఆగుతుంది. అనేక ఇంజన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. అప్పుడయ్యే ఖర్చు బెల్టు ధరకు ఎన్నో రెట్లు.

ఇందులో పెన్షనర్లు గమనించవలసినది ఒకటున్నది. మన కార్లు గుడికి, ఆసుపత్రికి తప్ప ఎక్కువ తిరగవు. మీటరు చూసి ధైర్యంగా ఉంటాము. కాని రబ్బరుకు కిలోమీటర్లతోపాటు ఏళ్లూ లెక్కే. బేరింగులోని గ్రీజూ ఎండిపోతుంది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అంటే చివరి బండికి కూడా పదేళ్లు దాటాయి. కావున బెల్టు మార్చించి ఎన్నేళ్లయినదో కాగితాలు తీసి చూచుకోవలసినదిగా, బెల్టుతోపాటు టెన్షనరును కూడా మార్పించవలసినదిగా సభ్యులకు, వారి పిల్లలకు మనవి.