చిరునామాల కరవు – ఇంటి గేట్‌వే కథ

2021వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో టి-మొబైల్ అను సెల్‌ఫోను కంపెనీ, ఇండ్లకు తీగ లేకుండ అంతర్జాలమును అందించు ఏర్పాటును దేశవ్యాప్తముగా ప్రారంభించెను. కిటికీ దగ్గర ఒక పెట్టె నుంచి విద్యుత్తు తగిలించిన చాలును. అది సమీపమున నున్న సెల్‌ఫోను స్తంభమునుండి వచ్చు రేడియో తరంగములను గ్రహించి, ఇంటిలోని ఫోనులకును, కంప్యూటరులకును వై-ఫై రూపమున పంచిపెట్టును. ఈ పెట్టెకే గేట్‌వే అని పేరు. నేల త్రవ్వి తీగ వేయు కంపెనీలు చేరని పల్లెలవారికి ఇది గొప్ప సౌకర్యమయ్యెను.

కాని తీగ కనెక్షనునకు అలవాటుపడి వచ్చినవారిలో కొందరు ఈ పెట్టె అమరికలను తెరచి, వెదకి వెదకి నిరాశ చెందిరి. పాత రౌటరులలో నుండిన కొన్ని సదుపాయములు ఇందులో కనబడలేదు. ఊరికి పోయినప్పుడు ఇంటి కెమేరాను వెలుపలినుండి చూచుటకు పనికివచ్చు పోర్టు ఫార్వార్డింగు లేదు. పెట్టెను కేవలము వంతెనగా నుంచి, తమ సొంత రౌటరును దాని వెనుక పెట్టుకొనుటకు వీలిచ్చు బ్రిడ్జి మోడు లేదు. ఇరువది యేండ్లనాటి చవుక రౌటరు చేసిన పని ఇంత క్రొత్త యంత్రము ఏల చేయలేకపోయెను? ఇది కంపెనీవారి పిసినారితన మనుకొనుట సులభము. అందులో కొంత నిజము లేకపోలేదు. కాని అసలు సమాధానము 1981లో మొదలగుచున్నది.

ఆ సంవత్సరము సెప్టెంబరులో అంతర్జాల నియమావళి నాలుగవ రూపము ప్రకటింపబడెను. దీనిని ఐపీవీ4 అందురు. దీని ప్రకారము ప్రతి యంత్రమునకును ఒక సంఖ్యయే చిరునామా. ఆ సంఖ్య 32 ద్విసంఖ్యాంకముల పొడవు గలది. కావున సాధ్యమగు చిరునామాలు 2 యొక్క 32వ ఘాతము, అనగా 4,29,49,67,296. 1983 జనవరి 1వ తేదీన ఆర్పానెట్ అను పరిశోధన జాలము ఈ నియమావళికి మారెను. కంప్యూటరనగా ఒక గది నిండ నుండు వస్తువని తలచు ఆ కాలములో 430 కోట్ల చిరునామాలు అక్షయపాత్రవలె కనబడుట వింత కాదు.

ఆ ఏర్పాటులో ఒక సమానత్వ మిమిడియున్నది. చిరునామా గల ప్రతి యంత్రమునకును మరి యే యంత్రమైనను ఉత్తరము వ్రాయవచ్చును. పంపెడి యంత్రములు వేరు, అందుకొనెడి యంత్రములు వేరు అను విభజన లేదు. విశ్వవిద్యాలయపు పెద్ద కంప్యూటరునకు గల హక్కే ఇంటిలోని చిన్న కంప్యూటరునకును గలదు. నడుమనున్న జాలము మోయుట మాత్రమే చేయవలెననియు, తెలివితేటలు రెండు కొనలయందును ఉండవలెననియు తెలుపు వాదమును సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 1984లో ఒక ప్రసిద్ధ వ్యాసమున వివరించిరి.

అక్షయపాత్ర అడుగు పదేండ్లలోనే కనబడజొచ్చెను. తొలిరోజులలో చిరునామాలను పెద్ద పెద్ద కమతములుగా పంచిపెట్టిరి. పెద్ద తరగతి కమతము నొకదానిని పొందిన సంస్థకు 1,67,77,216 చిరునామాలు దక్కెను. వానిలో ఎన్ని వాడుకలోనికి వచ్చినవని అడిగినవారు లేరు. 1993లో ఈ తరగతుల పద్ధతిని తీసివేసి, అవసరమును బట్టి కొలిచి ఇచ్చు పద్ధతి తెచ్చిరి. అయినను కరవు తప్పునట్లు లేదు. అప్పుడు, 1994 మే నెలలో, ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు ఒక ఉపాయమును ప్రకటించిరి. అదియే చిరునామా మార్పిడి. ఆంగ్లాక్షరములను బట్టి దానిని నాట్ అందురు.

నాట్ పనిచేయు తీరు తెలిసికొనుటకు ఒక కళాశాల వసతిగృహమును ఊహింపుడు. ఆ గృహమునకు వీధి చిరునామా ఒక్కటే. లోపల నూరు గదులు గలవు. గది సంఖ్యలు లోపలివారికే గాని తపాలాశాఖకు తెలియవు. 12వ గది విద్యార్థి ఒక పుస్తకముల అంగడికి జాబు వ్రాసినాడనుకొందము. వార్డెను ఆ జాబుమీద గది సంఖ్యను కొట్టివేసి, వసతిగృహపు చిరునామాతోపాటు ఒక వరుస సంఖ్యను వేసి, తన పుస్తకములో “ఈ వరుస సంఖ్య 12వ గదిది” అని వ్రాసికొని పంపును. ప్రత్యుత్తరము అదే వరుస సంఖ్యతో వచ్చును. వార్డెను పుస్తకము చూచి 12వ గదికి అందజేయును. ఈ వరుస సంఖ్యయే పోర్టు. అది 16 ద్విసంఖ్యాంకములది గనుక 65,536 వరకు సంఖ్యలు లభించును. మొదట చిరునామాలను మాత్రమే మార్చు పద్ధతి ఉండినను, పోర్టులనుగూడ మార్చి ఒకే చిరునామాతో ఇల్లంతయు నడుపు పద్ధతియే తరువాత స్థిరపడెను.

ఇందలి లోపము తేటతెల్లమే. లోపలివారు ముందుగా వ్రాసిన జాబునకు ప్రత్యుత్తరము రాగలదు. కాని ఎవరో బంధువు తానుగా మొదటి జాబు వ్రాసినచో, వార్డెను పుస్తకములో దానికి పద్దు లేదు. ఆ జాబు చెత్తబుట్టలో పడును. దీనికి విరుగుడుగా విద్యార్థి వార్డెనుతో “ఫలానా సంఖ్యతో వచ్చు జాబులన్నియు నా గదికి పంపుడు” అని శాశ్వతముగా వ్రాయించుకొనవచ్చును. ఆ శాశ్వతపు పద్దుయే పోర్టు ఫార్వార్డింగు.

నాట్‌ను కనుగొన్నవారే అది తాత్కాలికోపాయమనియు, చిరునామాకు ఆ కొననుండి ఈ కొనవరకు గల అర్థమును చెరచుననియు తమ పత్రములోనే ఒప్పుకొనిరి. అదే సంవత్సరము జూలైలో మరి నలుగురు ఇంజనీర్లు, లోపలి వాడుకకై కొన్ని చిరునామాలను ప్రత్యేకించుట హానికరమని బహిరంగముగా వాదించిరి. వారి వాదము నెగ్గలేదు. 1996 ఫిబ్రవరిలో 10తోను, 192.168తోను మొదలగు చిరునామాలు, వానితోపాటు 172.16 మొదలు 172.31 వరకు గలవి, ఎవరైనను ఇంటిలోపల వాడుకొనదగినవిగా స్థిరపడెను. నేడు కోట్లకొలది ఇండ్లలో రౌటరు చిరునామా 192.168తో మొదలగుటకు కారణ మిదియే.

శాశ్వతమైన మందు లేకపోలేదు. 1995 డిసెంబరులోనే 128 ద్విసంఖ్యాంకముల చిరునామాలు గల ఐపీవీ6 ప్రకటింపబడెను. అందులో చిరునామాల సంఖ్య 34 ప్రక్కన 37 సున్నలు పెట్టినంత. కాని తాత్కాలికోపాయము బాగుగా పనిచేయుచుండగా శాశ్వత చికిత్సకు డబ్బు వెచ్చించు వారెవరు? నొప్పి తగ్గిన రోగి వైద్యుని మరచినట్లు, పరిశ్రమ పదునైదేండ్లు కాలము గడిపెను.

ఆ పదునైదేండ్లును ఇంటి రౌటరునకు మాత్రము స్వర్ణయుగము. 2002 డిసెంబరులో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యు.ఆర్.టి. 54జి అను నీలి, నలుపు రంగుల చిన్న పెట్టెను విడుదల చేసెను. దాని లోపల నడుచునది లైనక్సు అని ఔత్సాహికులు కనిపెట్టిరి. లైనక్సు లైసెన్సు ప్రకారము దాని మూలసంకేతమును బయటపెట్టవలసియుండెను. 2003లో కంపెనీ బయటపెట్టెను. 2004లో దాని ఆధారముగా ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను స్వేచ్ఛా సాఫ్టువేరు పుట్టెను. ఇంటివారే వార్డెనును తమ యిష్టము వచ్చినట్లు తీర్చిదిద్దుకొనగలిగిరి. అతిథులకు వేరు జాలము, పిల్లల కంప్యూటరునకు వేళల నియమము, ఏ యంత్రమునకు ఎంత వేగమను కొలత మున్నగు సదుపాయములన్నియు ఈ కాలమున అలవాటైనవే. “ఆధునిక సదుపాయములు” అని నేడు మనము వెదకునవి నిజమునకు ఆ తరమువారు తమ చేతులతో చేర్చుకొన్నవి.

పిదప కరవు వచ్చిపడెను. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ చిరునామా భాండారములోని చివరి అయిదు కమతములు అయిదు ఖండస్థాయి సంస్థలకు పంచిపెట్టబడెను. ఏప్రిల్ 15వ తేదీకి ఆసియా–పసిఫిక్ సంస్థ తన చివరి కమతమునకు వచ్చి రేషను పద్ధతి మొదలుపెట్టెను. ఆ యేడే దివాలా తీసిన నార్టెల్ కంపెనీనుండి మైక్రోసాఫ్టు 6,66,624 చిరునామాలను 75 లక్షల డాలర్లకు కొనెను. ఒక్కొక్క చిరునామా పదకొండు డాలర్ల పైచిలుకు. ఒకనాడు ఉచితముగా పంచిన సంఖ్యలకు సంతబేరము వచ్చెను.

తీగల కంపెనీలు చాలవరకు ముందే నిలువ చేసికొన్నవి. సెల్‌ఫోను కంపెనీల సంగతి వేరు. వారి ఖాతాదారులు కోట్లలో పెరిగినది సరిగా ఈ కరవు కాలముననే. వారికి దొరికిన మార్గము రెండవ అంతస్తు మార్పిడి. మన వసతిగృహమునకు ఇప్పుడు సొంత వీధి చిరునామా లేదు. ఊరిలోని వసతిగృహములన్నిటికిని కలిపి నగరమున ఒకే తపాలా పెట్టె. అక్కడ మరియొక గుమాస్తా, మరియొక పుస్తకము. దీనికై 2012 ఏప్రిల్‌లో 100.64 మొదలు 100.127 వరకు గల చిరునామాలు, సుమారు 42 లక్షలు, ప్రత్యేకింపబడెను.

టి-మొబైల్ ఇంకను ముందుకు పోయెను. 2013 ఏప్రిల్‌లో ఇద్దరు జపాను ఇంజనీర్లతో కలిసి ఆ కంపెనీ ఇంజనీరు కామెరాన్ బర్న్ 464ఎక్స్‌లాట్ అను పద్ధతిని పత్రముగా ప్రకటించెను. ఇందులో స్తంభమునుండి ఫోనువరకు ఐపీవీ6 మాత్రమే నడచును. పాత ఐపీవీ4 పొట్లము ఫోనులోనే క్రొత్త వేషము వేసికొని, కంపెనీ కేంద్రములో మరల పాత వేషము వేసికొని వెలుపలికి పోవును. ఆ జూలైలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.3 ఈ వేషధారణను నేర్చెను. చిరునామాల కరవునకు ఇది తెలివైన పరిష్కారమే. మన దేశమున 2016లో సేవ ప్రారంభించిన జియోకూడ ఈ త్రోవయే పట్టెను.

ఇంటి గేట్‌వే ఈ ఫోను జాలమునకే తగిలించిన ఒక పెద్ద ఫోను అని గ్రహించినచో చిక్కు విడిపోవును. పెట్టెలో పోర్టు ఫార్వార్డింగు మీట పెట్టినను ఐపీవీ4లో అది ఏమియు చేయలేదు. వార్డెనుకు మీరిచ్చిన ఆజ్ఞ ఎంత స్పష్టముగా నున్నను, నగరములోని గుమాస్తాకు మీరెవరో తెలియదు. గుమాస్తాయే సహాయము చేయగోరినను చేయలేడు. ఒక చిరునామాను 64 ఇండ్లు పంచుకొన్నచో ఇంటికి 1,024 పోర్టులు వచ్చును. కాని వెబ్‌సైటులకు వాడు 443వ పోర్టు ఆ చిరునామాకు ఒక్కటే. అది ఒక ఇంటికిచ్చినచో 63 ఇండ్లకు లేదు. బ్రిడ్జి మోడు కథయు ఇట్టిదే. పెట్టె తప్పుకొన్నచో ఐపీవీ4 వేషము మార్చు పని మీ రౌటరు చేయవలెను. అంగడిలో దొరకు రౌటరులలో పెక్కింటికి ఆ విద్య రాదు.

అయితే అన్ని లోపములను కరవుమీదికి నెట్టరాదు. ఐపీవీ6లో ఇంటిలోని ప్రతి యంత్రమునకును ప్రపంచమెరిగిన చిరునామా గలదు. బయటివారి రాకను పెట్టెలోని కావలి ఆపుచున్నది. ఆ కావలికి “ఈ ఒక్క యంత్రమునకు తెరువుము” అని చెప్పు మీట పెట్టుటకు ప్రకృతి నియమమేదియు అడ్డు రాదు. అతిథి జాలమునకును, వై-ఫైని ఆపుచేయు మీటకును అంతే. అవి లేకపోవుట ఎంపిక. అమరికలు తక్కువైనకొలది సహాయము కోరి వచ్చు ఫోనులు తక్కువగును; కంపెనీ లెక్క అది. మరి యొక చిక్కు నిజముగానే సాంకేతికమైనది. సెల్‌ఫోను జాలము ఒక్కొక్క ఖాతాకు సాధారణముగా ఒకే ఐపీవీ6 ఉపజాలమును ఇచ్చును; చిరునామాలు అపారముగా నున్నను, వాడుకలోనున్న పద్ధతిలో దానిని ఇంటిలో రెండు మూడు జాలములుగా ఖండింప వీలులేదు.

కావలి కావలెనను వాదమునకును బలము గలదు. 2016లో మిరాయ్ అను దుష్ట సాఫ్టువేరు, తయారైననాటి సంకేతపదములనే మార్చక వదలిన కెమేరాలను, రౌటరులను లక్షలలో వశపరచుకొనెను. అక్టోబరు 21వ తేదీన వానిచేత జరిపించిన దాడివలన అమెరికాలో పెక్కు ప్రసిద్ధ వెబ్‌సైటులు గంటలకొలది స్తంభించెను. తలుపు మూసియుంచుట వివేకమే. తాళపుచెవి ఎవరి చేతిలో నుండవలెననునది వేరు ప్రశ్న. దీనిని చట్టముతో తేల్చిన దేశము జర్మనీ. అక్కడ 2016 ఆగస్టు 1నుండి కంపెనీ రౌటరునే వాడవలెనను నిర్బంధము తొలగి, ఖాతాదారుడు తన యిష్టమైన పరికరమును తగిలించుకొను హక్కు పొందెను. అమెరికాలో టెలిఫోను తీగకు సొంత పరికరము తగిలించు హక్కును 1968లోనే కార్టర్‌ఫోను తీర్పు స్థాపించినదను సంగతి ఇచ్చట స్మరింపదగును.

2023 సెప్టెంబరు 19న జియో ఎయిర్‌ఫైబరు హైదరాబాదుతో సహా ఎనిమిది నగరములలో ప్రారంభమగుటతో ఈ రకపు పెట్టెలు తెలుగు ఇండ్లకును వచ్చినవి. విద్యార్థులు తమ ఇంటి ఏర్పాటును స్వయముగా పరీక్షింపవచ్చును. రౌటరు అమరికలలో బయటివైపు ఐపీవీ4 చిరునామాను చూడుడు. అది 100.64, 100.127ల నడుమ నున్నచో నగరములో గుమాస్తా ఉన్నట్లే. మొబైలు డేటా మీద నున్న ఫోనులో 192.0.0తో మొదలగు చిరునామా కనబడినచో అది 464ఎక్స్‌లాట్ గుర్తు. చిరునామా చూపు ఏదైన వెబ్‌సైటును తెరచినప్పుడు అందులో కనబడు సంఖ్యయు, రౌటరులోని సంఖ్యయు ఒక్కటియే అయినచో మాత్రము ఆ యింటికి ఐపీవీ4లో సొంత వీధి చిరునామా కలదు.