గోళ్ల అలంకరణ: నాందేడ్ ఇళ్లలో మైదాకు, నెయిల్ పాలిష్

గోళ్లకు రంగు వేసుకుని, వాటి మీద చుక్కలో గీతలో పువ్వులో దిద్దుకోవడాన్ని ఇప్పుడు అందరూ నెయిల్ ఆర్ట్ అంటున్నారు. పార్లరుకు వెళ్లకుండా ఇంట్లోనే ఈ పని చేసుకునే పద్ధతులు రసాయనాల లెక్కన చూస్తే ముఖ్యంగా మూడు. మొదటిది గోటిలోకి దిగే రంగు, అంటే మైదాకు. రెండోది గోటి మీద పొరగా ఆరే రంగు, అంటే సీసాలో వచ్చే నెయిల్ పాలిష్. మూడోది దీపం కింద గట్టిపడే ప్లాస్టిక్, అంటే జెల్. మొదటి రెండింటితో ఇంట్లో ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. మూడోదాని సంగతి వేరు.

ఈ మూడూ ఒకే బజారులో కనిపించే ఊళ్లలో నాందేడ్ ఒకటి. గోదావరి ఒడ్డున ఉన్న ఈ నగరం 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉంది. 1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీసినప్పుడు బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరింది. జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాలు తెలంగాణను ఆనుకునే ఉన్నాయి. ధర్మాబాద్ దాటిన రైలు కాసేపటికే బాసరలో ఆగుతుంది. మరాఠీ, ఉర్దూ, తెలుగు, బంజారా మాటలు ఒకే వీధిలో వినబడతాయి. గురు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే కన్నుమూయడంతో వెలసిన హజూర్ సాహిబ్ గురుద్వారా చుట్టూ పంజాబీ కూడా వినిపిస్తుంది.

ఇన్ని భాషల వాళ్లూ గోళ్లు పండించుకుంటారు, కానీ ఎవరి రోజు వాళ్లది. తెలుగువాళ్లకు ఆషాఢంలో మైదాకు పెట్టుకోకపోతే నెల గడిచినట్టే ఉండదు. మరాఠీ ఆడవాళ్లు శ్రావణంలో నాగపంచమికి ముందు పెట్టుకుంటారు. రెండు భాషల వాళ్లవీ అమావాస్యతో ముగిసే నెలలే కాబట్టి ఆషాఢం ఇద్దరికీ ఒకే రోజున మొదలవుతుంది. ముస్లిం ఇళ్లలో రంజాన్ నెల ముగిసి ఈద్ నెలవంక కనబడిన రాత్రి, చాంద్ రాత్, మెహందీ రాత్రి కూడా. హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ కావడంతో ఈ రాత్రి మాత్రం కాలాలన్నీ తిరిగి వస్తూ ఉంటుంది. ఇక పెళ్లి మైదాకుకు కులం, మతం అడ్డం లేదు.

మైదాకు

కోస్తాలో గోరింటాకు, తెలంగాణలోనూ సరిహద్దు తెలుగు ఇళ్లలోనూ మైదాకు. వృక్షశాస్త్రంలో దీని పేరు లాసోనియా ఇనర్మిస్. ఆకులోని రంగు లాసోన్ అనే పదార్థానిది. గోరు, వెంట్రుక, చర్మపు పై పొర మూడూ కెరటిన్‌తో తయారైనవే. లాసోన్ ఆ కెరటిన్‌ను పట్టుకుందంటే మళ్లీ వదలదు. అరచేతి రంగు రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది కదా అనిపించవచ్చు. అక్కడ పోయేది రంగు కాదు, రంగు పట్టిన చర్మం రాలిపోతుంది. గోరు రాలదు, పెరుగుతుంది. అందుకే పండిన గోరు మామూలుగా కావాలంటే నెలల తరబడి కత్తిరించుకుంటూ పోవాలి.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో దాదాపు సగం. ఆషాఢం నడుమ పెట్టిన మైదాకు బతుకమ్మ మొదలయ్యే నాటికి గోటి సగం దాటుతుంది. కింద లేత గులాబీ, పైన ముదురు నారింజ, మధ్యలో గీత గీసినట్టు హద్దు. దీపావళికి రంగు గోటి కొసకు చేరి కత్తెరకు అందుతుంది. ఈలోగా మరో పండగ వచ్చి ముద్ద మళ్లీ పడకపోతేనే సుమా.

ముద్ద చేయడంలో ఒక్కో ఇంటిది ఒక్కో పాకం. లేత కొమ్మల ఆకు దూసి, చిన్న చింతపండు రెబ్బ, ఒక వక్క ముక్క వేసి మెత్తగా రుబ్బుతారు. కొందరు మజ్జిగ చుక్క వేస్తారు, కొందరు నిమ్మరసం పిండుతారు. పులుపుకు పని ఉంది: ఆకులో లాసోన్ మరో పదార్థంతో ముడిపడి ఉంటుంది, పులిసిన తడిలో అది నెమ్మదిగా విడివడి చాలాసేపు రంగునిచ్చే స్థితిలో నిలుస్తుంది. రుబ్బినవాళ్ల చెయ్యే అందరికంటే ముందు పండుతుంది. వేలి కొసలకు టోపీల్లా ముద్ద పెట్టి, ఎండిపోకుండా చూసుకుని, రాత్రంతా ఉంచుకుంటే పొద్దున రాల్చేసరికి గోరు నారింజ రంగులో ఉంటుంది. వెంటనే సబ్బు నీళ్లు తగలనివ్వకుండా కొబ్బరి నూనె రాస్తే, ఒకటి రెండు రోజుల్లో గాలి తగిలి అదే రంగు ముదురుతుంది.

బాగా పండితే మంచి మొగుడొస్తాడని ఆటపట్టించడం, ఒంట్లో వేడి ఉన్నవాళ్లకు బాగా పండుతుందనడం తెలుగిళ్లలో మామూలే. మొదటి మాట సంగతి ఎలా ఉన్నా రెండో దాంట్లో కొంత నిజముంది. వెచ్చటి చేతికి రంగు తొందరగా పడుతుంది.

గోటి మీద మైదాకుతో బొమ్మ దిద్దాలంటే చిన్న ఉపాయం ఉంది. ముందు రంగులేని నెయిల్ పాలిష్‌తో గోటి మీద చుక్కలో చిన్న పువ్వో పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. దాని మీద ముద్ద పెట్టాలి. పాలిష్ ఉన్నచోట రంగు దిగదు. మర్నాడు రిమూవర్‌తో పాలిష్ తుడిచేస్తే ఎర్రటి గోటి మీద తెల్ల చుక్కలు మిగులుతాయి. బాతిక్ బట్టకు మైనం చేసే పనే ఇది. నెలలు గడిచే కొద్దీ ఆ చుక్కలు కూడా గోటితో పాటే పైకి జరుగుతూ పోతాయి.

అంగట్లో కోన్లుగా దొరికే మెహందీలో వాడే పొడికి రాజస్థాన్‌లోని సోజత్ పెట్టింది పేరు. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే ఆకు పొడి ఎప్పుడూ నల్లగా పండదు. పది నిమిషాల్లో నల్లటి రంగు వస్తుందని అమ్మే కోన్లలో చాలావాటిలో జుట్టు రంగుల్లో వాడే పారా-ఫినిలీన్‌డయామిన్ ఉంటుంది. అది చర్మం మీద బొబ్బలు లేపగలదు. ఒకసారి దానికి అలర్జీ వచ్చినవాళ్లకు తర్వాత జుట్టు రంగు కూడా పడకపోవచ్చు. అమెరికాలో ఆహార, ఔషధ సంస్థ మెహందీని జుట్టుకు మాత్రమే అనుమతించింది, చర్మానికి కాదు. ఇక్కడి ఇళ్లలో ఎక్కువమందికి తెలియని మరో సంగతి ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పసిపిల్లలకు ఒళ్లంతా మైదాకు పూస్తే ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. ముచ్చటకైనా నెలల పిల్లలకు పెట్టవద్దు.

లాసోన్ ఒక్క మైదాకులోనే లేదు. కొరియాలో ఆడపిల్లలు బొంగ్‌సన్హ్వా పూలను పటికతో నూరి గోళ్లకు కట్టుకుంటారు, ఆ పూలలోనూ ఇదే రంగు. తొలి మంచు కురిసే దాకా గోటి మీద రంగు నిలిస్తే తొలి ప్రేమ ఫలిస్తుందని అక్కడి నమ్మకం. గోరు పెరిగే వేగాన్ని లెక్కగట్టి చెప్పిన మాటలాగే ఉంది.

నెయిల్ పాలిష్

సీసాలో ద్రవంగా అమ్మే గోళ్ల రంగును క్యూటెక్స్ 1917లో అమెరికాలో తెచ్చింది. 1932లో చార్లెస్ రెవ్‌సన్, అతని అన్న జోసెఫ్, రసాయన వ్యాపారి చార్లెస్ లాక్‌మన్ న్యూయార్క్‌లో రెవ్లాన్ మొదలుపెట్టారు. రంగు నీళ్లకు బదులు రంగు పొడులు కలపడంతో పాలిష్ చిక్కగా, గోరు కనబడనంతగా వచ్చింది. మన దేశంలో టాటాలు 1952లో ప్రారంభించిన లాక్మే ఈ సరుకును మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది. లక్ష్మి పేరు ఫ్రెంచి నోట్లో మారి ఆ పేరైంది.

పాలిష్‌లో ప్రధానమైనది నైట్రోసెల్యులోజ్. 1920ల్లో మోటారు కార్లకు వేసిన డ్యూకో రంగు కూడా ఇదే కుటుంబం. ఇథైల్ అసిటేట్, బ్యుటైల్ అసిటేట్ వంటి ద్రావకాలలో దాన్ని కరిగించి సీసాలో పోస్తారు. బ్రష్‌తో పూశాక ద్రావకం ఆవిరై పలుచటి పొర మిగులుతుంది. ఆరడమంటే ఇంతే. ఇంట్లో పనికొచ్చే ఉపాయాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

చుక్కలు పెట్టడానికి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్, అగ్గిపుల్ల, జడపిన్ను చాలు. పాలిష్ చుక్కను కాగితం మీద వేసుకుని, పిన్ను కొసను అందులో ముంచి గోటి మీద ఆనించాలి. ఒక్కసారి ముంచి మూడు నాలుగు చుక్కలు వరసగా పెడితే అవి క్రమంగా చిన్నవవుతూ పోతాయి. చుక్కల ముగ్గు అలవాటున్న చేతికి పువ్వు రేకులు వేయడం కష్టం కాదు. తిన్నటి గీతకు సెల్లోటేప్ వాడతారు. ముందు దాన్ని ముంజేతి మీద రెండు సార్లు అంటించి తీస్తే జిగురు కొంత తగ్గుతుంది, కింది రంగు ఊడిరాదు. టేప్‌ను పై పొర తడిగా ఉండగానే లాగాలి. ఆరాక లాగితే అంచు పగులుతుంది. స్పాంజి ముక్క మీద రెండు రంగులు పక్కపక్కన రాసి గోటి మీద అద్దితే ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు కనిపిస్తుంది.

పాత పేపరు ముక్కతో చేసేది సరదా పద్ధతి. లేత రంగు పాలిష్ ఆరాక గోటికి స్పిరిట్ తడి చేసి, పేపరు ముక్కను అక్షరాలు కిందికి వచ్చేలా కొన్ని క్షణాలు నొక్కి తీస్తే అచ్చు గోటికి ఎక్కుతుంది. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి. మరాఠీ పేపరైనా తెలుగు పేపరైనా ఎవరూ చదవలేరు గనక గొడవ లేదు.

అన్నిటికంటే ఓపిక కావలసింది నీటి చిత్రం, అంటే వాటర్ మార్బుల్. గిన్నెలో నీళ్లు పోసి, పై నుంచి ఒక్కో రంగు చుక్క వదిలితే అది నీటి మీద పలుచగా పరచుకుంటుంది. చుక్క మీద చుక్క పడితే వలయాలు ఏర్పడతాయి. సూదితో గీతలు లాగి నకాషీ చేసి, వేలి చుట్టూ టేప్ అంటించి గోరు ముంచి తీయాలి. పాలిష్ కొత్తది కావాలి, నీళ్లు గది వేడిలోనే ఉండాలి. మే నెలలో 42 డిగ్రీలు దాటే నాందేడ్‌లో, ఫ్యాన్ కింద కూర్చుని ఈ పని మొదలుపెడితే ద్రావకం చిటికెలో ఎగిరిపోయి, సూది ఆనేలోపే రంగు పొర తొక్క కడుతుంది. ఫ్యాన్ ఆపాలి, లేదంటే వానాకాలం దాకా ఆగాలి.

చిక్కబడిన పాలిష్‌లో అసిటోన్ పోయడం చాలామందికి అలవాటు. అది పొరను పెళుసుగా చేస్తుంది, పాలిష్ థిన్నర్ రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది. ఈ ద్రావకాలన్నీ మండుతాయి కాబట్టి పొయ్యి దగ్గర, అగరొత్తుల పక్కన సీసా తెరవకూడదు. ముదురు రంగులు వేసే ముందు బేస్ కోట్ వేయకపోతే గోళ్లు పసుపు పచ్చగా మారవచ్చు.

ముస్లిం ఇళ్లలో పాలిష్‌కు వేరే లెక్క ఉంది. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు నీరు గోటికి తగలాలి. పాలిష్ పొర దాన్ని అడ్డుకుంటుంది, మెహందీ అడ్డుకోదు. అందుకని చాలామంది ఆడవాళ్లు గోళ్లకు మెహందీతోనే సరిపెట్టుకుంటారు. పోలండ్ కంపెనీ ఇంగ్లాట్ నీటిని లోపలికి పోనిస్తుందని చెబుతూ ఓ2ఎం పేరుతో పాలిష్ తెచ్చినప్పుడు ముస్లిం దేశాల్లో దానికి గిరాకీ వచ్చింది. అది నిజంగా చెల్లుతుందా లేదా అన్న చర్చ మాత్రం తెగలేదు.

జెల్

అతినీల లోహిత కాంతి దీపంతో కలిపి కిట్లుగా ఆన్‌లైన్లో దొరికే జెల్ పాలిష్ ఆరేది కాదు, గట్టిపడేది. అందులోని మిథాక్రిలేట్ అణువులు దీపం వెలుగులో గొలుసులుగా అల్లుకుని ప్లాస్టిక్ అవుతాయి. రెండు వారాలు మెరుపు తగ్గదు. ఇబ్బంది ఏమిటంటే, సరిగా గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే అలర్జీ పుడుతుంది, పుడితే జీవితాంతం ఉంటుంది. తర్వాత పన్ను పూడ్చే పదార్థాలు, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంటు కూడా పడకపోవచ్చు, వాటిలోనూ ఈ కుటుంబం రసాయనాలే ఉంటాయి. బ్రిటిష్ చర్మవైద్యుల సంఘం 2018లో ఇంటి కిట్ల గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. ఇదే కుటుంబానికి చెందిన హెమా అనే రసాయనం ఉన్న గోళ్ల సరుకును యూరప్‌లో 2021 నుంచి వృత్తి నిపుణులు మాత్రమే వాడాలి. జెల్ గట్టిపడేందుకు కలిపే టీపీఓను 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడ పూర్తిగా నిషేధించారు.

దీపం మీదా సందేహాలున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ప్రచురించిన అధ్యయనంలో, 20 నిమిషాలు ఆ వెలుగులో ఉంచిన కణాలలో 20 నుంచి 30 శాతం చనిపోయాయి. అది ప్రయోగశాల గిన్నెలోని కణాల మీద చేసిన పరీక్ష, మనుషుల చేతుల మీద కాదు. అయినా ముంజేయి దాకా వేలి కొసలు లేని తొడుగు వేసుకోవడంలో నష్టం లేదు. ఇంట్లో జెల్ తీసేటప్పుడు గిల్లి లాగడం అన్నిటికంటే చెడ్డది, గోటి పై పొరలు దానితో పాటే లేచి వస్తాయి.

ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు నెయిల్ పాలిష్ తుడుచుకురమ్మంటారు. వేలికి తగిలించే ఆక్సిమీటర్ గోటిలోంచి ఎర్రటి, పరారుణ కాంతులను పంపి రక్తంలో ఆక్సిజన్‌ను కొలుస్తుంది, ముదురు పాలిష్ ఆ లెక్కను తప్పించవచ్చు. మామూలు పాలిష్ అయితే రిమూవర్‌తో నిమిషంలో పోతుంది. ఆషాఢంలో పండిన వేళ్లు మాత్రం అంత తేలిగ్గా లొంగవు. అలాంటప్పుడు కొలత అనుమానంగా వస్తే క్లిప్‌ను చెవి తమ్మెకు తగిలిస్తారు.