సమాధి లేనివారి నిరీక్షణ

శతవత్సర సంచికకు సంఘ చరిత్రనుండి ఏదైన నొక అంశమును వ్రాసి పంపుడని పెద్దలు మమ్మును కోరిరి. మిషనెరీల రాకను గూర్చియు, దేవాలయముల నిర్మాణమును గూర్చియు వ్రాయ సమర్థులు అనేకులున్నారు. మేము మాత్రము ఒక విధవరాలి ప్రశ్నతో ప్రారంభింప తలంచితిమి.

2021 మే మాసములో కోవిడ్ వ్యాధి రెండవమారు విజృంభించినప్పుడు మా సంఘ సహోదరుడొకరు పట్టణపు ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించిరి. దేహము ఇల్లు చేరలేదు. అనేకులతోపాటు దహనము చేసిరి. పిడికెడు బూడిదయైనను కుటుంబమునకు అందలేదు. సమాధుల తోటలో తలిదండ్రుల ప్రక్కన ఆయన కొరకని అనుకొన్న స్థలము అట్లే ఖాళీగా మిగిలెను. ఆదరింప వెళ్లిన మేము, "అమ్మా, ఆత్మ ప్రభువునొద్దకు చేరినది. ఇక శరీరముతో మనకేమి పని?" అంటిమి. ఆమె తలయెత్తి, "అయ్యగారూ, మరి ప్రతి ఆదివారం శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నామని మాతో ఎందుకు చెప్పిస్తున్నారండీ?" అని అడిగెను.

వేదాంత కళాశాలలో చదివి పట్టా పొందిన మాకు ఆ దినమున జవాబు రాలేదు. మేము పలికిన మాట గ్రీకు తత్వజ్ఞానులకు చెల్లునేమో గాని మన విశ్వాస ప్రమాణమునకు చెల్లదు. సిగ్గుతో ఇల్లు చేరి పాత పుస్తకములు తెరచితిమి.

క్రీ.శ. 177లో, మార్కస్ అరేలియస్ చక్రవర్తి కాలమున, నేటి ఫ్రాన్సు దేశములోని లియోన్ పట్టణమందు విశ్వాసులకు ఘోర హింస సంభవించెను. లియోన్, వియెన్ సంఘములవారు ఆ సంగతులను ఆసియా, ఫ్రుగియ సంఘములకు లేఖగా వ్రాసి పంపిరి. చరిత్రకారుడైన యూసేబియస్ తన సంఘ చరిత్ర అయిదవ గ్రంథములో దానిని భద్రపరచినందున నేడు మనము చదువగలుగుచున్నాము. తొంబది యేండ్లు దాటిన బిషప్ పోతినస్ దెబ్బలు తిని, చెరసాలలో రెండు దినములకే ప్రాణము విడిచెను. పదునైదేండ్ల బాలుడు పొంతికస్ ఉన్నాడు. బ్లాందీన యను దాసి ఉన్నది. బలహీనురాలు, ఈమె నిలువలేదని తోటి విశ్వాసులే భయపడిరి. తెల్లవారినది మొదలు సాయంకాలము వరకు వంతులవారీగా హింసించినవారే అలసిపోయిరి గాని ఆమె నిలిచెను. తుదకు ఆమెను వలలో చుట్టి ఎద్దు ముందు పడవేసిరి.

అయితే మమ్మును ఆపివేసినది ఆ తరువాతి భాగము. హతసాక్షుల దేహములను ఆరు దినములు బయలున పడవేసి సైనికులను కాపలా పెట్టిరి. విశ్వాసులు రాత్రివేళ ప్రయత్నించిరి, లంచమిచ్చి చూచిరి, బ్రతిమాలిరి. ఏదియు ఫలించలేదు. పిమ్మట ఆ దేహములను కాల్చి, బూడిదను రోన్ నదిలోనికి ఊడ్చివేసిరి. ఎందుకనగా, తిరిగి లేతుమను నిరీక్షణ చేతనే వీరు చావునకు సంతోషముగా వెళ్లుచున్నారు, ఆ నిరీక్షణ లేకుండ చేయుదమని వారి తలంపు. క్రైస్తవుల బలము ఎక్కడ నున్నదో ఆ అన్యులకు చక్కగా తెలిసినది. మాకంటె బాగుగా తెలిసినదని ఒప్పుకొనక తప్పదు.

తమవారిని భూస్థాపన చేయలేకపోయినందుకు గొప్ప దుఃఖము కలిగినదని లేఖ వ్రాసినవారు దాచక చెప్పిరి. శరీరముతో పనిలేదని వారు అనలేదు. నదిలో కలిసిన బూడిదను చూచి నిరీక్షణను విడువను లేదు.

అదే సంఘములో ఇరెనియస్ అను ఒక పెద్ద యుండెను. హింసా దినములలోనే ఆయన లేఖలు తీసికొని రోమా బిషప్‌నొద్దకు వెళ్లెను. పోతినస్ తరువాత ఆయనయే బిషప్ ఆయెను. శరీరము హీనమైనది, రక్షణ ఆత్మకే అని బోధించు వాలెంటీనస్ శిష్యులను ఎదిరించి, సుమారు 180 ప్రాంతమున అయిదు గ్రంథములు వ్రాసెను. వాటిలో అయిదవది ముఖ్యముగా శరీర పునరుత్థానమును గూర్చినదే. లేనిదానిని మంటినుండి నిర్మించినవాడు, ఉండి మంటిలో కలిసినదానిని మరల లేపలేడా అని ఆయన వాదము. ప్రభు బల్లయందు పోషింపబడిన శరీరము నిత్యజీవమునకు పాలుగాదని ఎట్లు చెప్పుదురని కూడ అడిగెను. ఊడ్చివేయబడిన బూడిద ఎవరిదో ఎరిగిన మనుష్యుడు వ్రాసిన మాటలివి. కళాశాలలో పరీక్ష కొరకు చదివినప్పుడు మాకు ఈ సంగతి తట్టలేదు.

మోనికమ్మ మరణము ఇంకొకటి. ఉత్తర ఆఫ్రికాలోని తగస్తేలో భర్త ప్రక్కన సమాధి కావలెనని ఆమె ఎంతో కాలము కోరుకొనెను. అయితే 387లో, స్వదేశమునకు ఓడ ఎక్కవలసిన తరుణమున, ఇటలీలోని ఓస్తియ రేవులో జబ్బుపడెను. దేహమును ఎక్కడనైన ఉంచుడని కుమారులతో చెప్పెను. ఇంత దూరమున విడువబడుటకు భయము లేదా అని అంతకుముందే కొందరు అడుగగా, దేవునికి ఏదియు దూరము కాదనియు, కడవరి దినమున తన్నెక్కడనుండి లేపవలెనో ఆయన ఎరుగకపోడనియు ఆమె బదులు చెప్పినట్లు కుమారుడైన అగస్తీను వ్రాసెను. (1945లో ఓస్తియలో ఆమె సమాధి ఫలకపు ముక్క యొకటి త్రవ్వకములో బయటపడినది.) తరువాత 410లో గోతులు రోమాను కొల్లగొట్టినప్పుడు అనేక విశ్వాసుల దేహములు సమాధి లేక పడియుండెను. దానివలన వారికి నష్టమేమియు లేదనియు, అయినను మృతుల దేహములను తృణీకరింప రాదనియు అగస్తీను తన 'దేవుని పట్టణము' మొదటి గ్రంథములో వ్రాయుటకు తల్లి మాట కూడ కారణమై యుండునని మా ఊహ.

ఇన్ని సంగతులు పట్టుకొని మేము మరల ఆ యింటికి పోతిమి. మొదట మా మాటను వెనుకకు తీసికొంటిమి. పిమ్మట రోన్ నది కథ చెప్పితిమి. ఆమె చాల సేపు ఊరకుండి, "అయితే ఆయన పేరుతో ఒక రాయి వేయించండి" అనెను.

పాస్టరేట్ కమిటీలో ఇది సులువుగా జరుగలేదు. దేహము లేని చోట సమాధి రాయి ఏమిటని ఒక పెద్ద, రేపు అందరును అడుగుదురని మరియొకరు అనిరి. తుదకు 1977 దివిసీమ ఉప్పెనలో బంధువులను పోగొట్టుకొనిన వృద్ధుడొకరు లేచి, "మావాళ్లు ఎక్కడున్నారో ఈనాటికీ మాకు తెలియదండి" అని మాత్రము చెప్పి కూర్చుండెను. తీర్మానము వ్రాసికొంటిమి.

రాయి చిన్నది; పేరు, రెండు తేదీలు. మరుసటి ఈస్టర్ తెల్లవారుజామున సంఘమంతయు సమాధుల తోటకు పోయినప్పుడు ఆమె అక్కడ కొవ్వొత్తి వెలిగించెను. గాలికి అది రెండు మారులు ఆరిపోగా మనుమడు చేతులు అడ్డుపెట్టెను.